ట్రాలీ కట్టుకొని రోడ్డెక్కే మా అల్లునికి

అల్లుడా,

ట్రాక్టర్, ట్రాలీ రెండూ కొన్నవని అక్క ఫోన్‌ల చెప్పింది. ఈ యాసంగి వడ్లు నువ్వే మిర్యాలగూడ మిల్లుకు తోలుకపోతవట. మంచిదే. కాకపోతే ఇన్నొద్దులు నువ్వు నడిపింది కారు. బ్రేకు తొక్కితే ఆగేది. ట్రాలీ కట్టిన బండి అట్ల కాదు, ఆపుదామనుకున్నప్పుడే ఎనక నుంచి నూకుతది.

లెక్క చూడు. ట్రాక్టర్ ఓ 2 టన్నులు. ట్రాలీ ఉత్తగనే టన్నున్నర అనుకో. దాంట్ల 4 టన్నుల పచ్చి వడ్లు పోస్తే, 2 టన్నుల బండి ఐదున్నర టన్నులను ఆపాలె. మన దిక్కు చాన ట్రాలీలకు బ్రేకులే ఉండవాయె. లాగుడు ఇంజన్ చూసుకుంటది, ఆపుడు నీ మీద ఉంటది.

రోడ్డెక్కే ముందు కుడికాలి కాడ చూడు, రెండు బ్రేకు పెడళ్లుంటయి. మడి మూలకు మలుపుకోనీకి ఒక్కదాన్నే తొక్కుతం గద, దానికోసం పెట్టిండ్రు. రెండింటినీ కలిపే లాకు ఒకటుంటది. దమ్ము చేసొచ్చి ఆ లాకు వేయకుండనే రోడ్డెక్కేటోళ్లు మస్తుమంది. స్పీడుల ఒక్క పెడల్ మీద కాలు పడ్డదనుకో, ఒక పక్క చక్రమే పట్టుకుంటది, బండి అడ్డం తిరుగుతది, ట్రాలీ వచ్చి మీద పడ్తది. లాకు వేసినంక గూడ ఖాళీ రోడ్డు మీద ఒకసారి తొక్కి చూసుకో, బండి ఏదన్న పక్కకు గుంజుతుందేమో.

కాలువ వంతెన దిగేటప్పుడు డీజిల్ మిగుల్తదని న్యూట్రల్ చేయకు. క్లచ్ తొక్కి పట్టకు. ఎక్కనీకి ఏ గేరు పడ్తదో దిగనీకి అదే గేరు. అదిగూడ దిగుడు మొదలుగాక ముందే వేసుకోవాలె, నడుమ దొరకదు.

ట్రాలీని కింది హుక్కుకే తగిలియ్యి. పైన టాప్ లింకు, అంటే నాగలిని పట్టే పై కడ్డీ, కాడ కట్టి లాగితే ముందు చక్రాలు లేస్తయి. పిన్ను కింద క్లిప్పుకు బదులు తీగ చుట్టే తెలివి మనోళ్లది, నువ్వు చేయకు, క్లిప్పు ఎంతని? వడ్లు పోసేటప్పుడు బరువు ఇరుసు మీద, కొంచెం ముందుకు ఉండేటట్టు చూడు. అంతా ఎనక పడితే హుక్కు పైకి లేస్తది, ట్రాక్టర్ ఎనక టైర్లు నేలను పట్టవు.

ఇగ రాత్రి సంగతి. నాకు అన్నిటికన్న భయం ఇదే. సీజన్ల మిల్లుల కాడ ట్రాక్టర్ల లైను రోడ్డు మీదికొస్తది. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద బస్సులు, లారీలు ఎట్లొస్తయో నీకు తెల్వంది కాదు. చీకట్ల ఆగిన ట్రాలీ దగ్గరికొచ్చేదాంక కనపడదు. ఎనక డోరుకు ఎర్ర రేడియం, రెండు పక్కలకు పసుపు రేడియం అంటియ్యి. అంటిచ్చి ఊకోకు, వడ్ల దుమ్ము పడితే అది మెరవదు, గుడ్డతోని తుడువు. ఇంకొకటి ఎవ్వరూ చూడరు: పరదా కొస ఎనక వేలాడి రేడియంను కప్పేస్తది. దాన్ని మడిచి తాడు కింద దోపు. లైన్ల ఆగితే చక్రాల కింద రాళ్లు పెడ్తవు గద, కదిలేటప్పుడు వాటిని రోడ్డు మీద వదిలెయ్యకు. ఎనకొచ్చే బైకోడు పడి పోతడు.

కూలోళ్లను ట్రాలీల ఎక్కించకు, మడ్‌గార్డ్ మీద కూసోనియ్యకు. అడిగితే ఆటోకు పైసలియ్యి. 2018 ఏప్రిల్‌ల వద్దిపట్ల కాడ ట్రాక్టర్ ఏఎమ్మార్పీ (మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువల పడి 9 మంది కూలోళ్లు పాయె. జూన్‌ల లక్ష్మాపురం కాడ మూసీ కాలువల 15 మంది. చేన్ల పనికి పొయ్యేటోళ్లే. మొహమాటపడి ఎక్కించుకున్నోనికి తర్వాత ఏం చెప్పుకున్నా నడవదు.

కాయితాల్ల ట్రాలీ నంబరు వేరే ఉంటది, ఇన్సూరెన్సుల అది గూడ ఎక్కిందా లేదా చూపించుకో.

రివర్స్ మాత్రం రాసి చెప్తే వచ్చేది కాదు. ఒక్క ఉపాయం: స్టీరింగును కింది అంచుకు పట్టుకో, ట్రాలీ తోక ఎటు పోవాల్నో చెయ్యి అటే జరుపు. ట్రాలీ మరీ అడ్డం తిరిగితే మొండికి పోకు, ముందుకు తీసి సక్కగ చేసుకొని మళ్ల రా. కోతలు మొదలుగాక ముందే ఓ ఆదివారం ఖాళీ ట్రాలీ పట్టుకొని మన చెల్క కాడికి రా. పొద్దుగాలనే రా, ఎండెక్కినంక నాతోని కాదు.

నీ మామ