చెరువు మట్టిని కదపకు నాన్నా

చిరంజీవి నూకరాజుకి పెద్దమ్మ ఆశీస్సులు.

పద్మనాభం వైపు చెరువు లీజుకి తీసుకుని నత్తలు పెంచుతావట. మీ అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. నాకు మురిపెం, టెన్షన్ రెండూ కలిగాయి. మనింట్లో నత్తల కూర తిన్నవాళ్ళు చాలామందే గానీ, నత్త ఎలా బతుకుతుందో చూసినవాళ్ళు తక్కువ.

కంచె, బాతులు, కొంగల బెడద నీకు తెలిసినవే. మేతకి నాచు, అంతరతామర, కుళ్ళిన ఆకు చాలు. గట్టుకి సిమెంటు మాత్రం వేయకు. వానలకి ఆడనత్త నీటి అంచున తడి మట్టిలోనే గుడ్లు పెడుతుంది. ఆ నెలల్లో పట్టకు.

ఇక ఎండాకాలం. మీ చిన్నతాత చెరువులో నత్తలు పుష్కలంగా ఉండేవి. ఓ ఏడు నీరు అడుగంటింది. పైన ఖాళీ గుల్లలు తప్ప ఏమీ కనపడక, అన్నీ చచ్చాయనుకున్నాడు. పూడిక మట్టిని ఇటుకల బట్టీకి అమ్మేశాడు. బండ్లు ఎత్తుకుపోతుంటే నేను గట్టు మీదే ఉన్నాను. గడ్డలు పగిలినచోటల్లా నత్తలే, మూత బిగించుకుని, బతికి! చెరువునత్తకి నీటిలో మొప్ప ఉంటుంది, గాలి పీల్చడానికి ఊపిరితిత్తి లాంటి సంచీ ఉంటుంది. అందుకే నీరెండితే బురదలోకి దిగి, మూతేసుకుని నెలల తరబడి కదలకుండా ఉండగలదు. మా అమ్మ ఆపమని అరిచింది. "ఆడదానికేం తెలుసు" అన్నాడాయన. తొలకరికి చెరువు నిండింది, నత్త రాలేదు. మరుసటేడూ రాలేదు. గంపలెత్తుకుని నత్తలమ్మే ఆడవాళ్ళు ఆ ఇటుకల బట్టీకే కూలికి పోయారు. నూకరాజూ, మే నెలలో నీ చెరువులోకి జేసీబీ దిగిందని విన్నానా, బస్సెక్కి వచ్చి మరీ తిడతాను.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం నీరు. నూరు గ్రాముల నేలనత్త మాంసంలో సుమారు 16 గ్రాముల ప్రొటీన్, ఒకటిన్నర గ్రాముల లోపే కొవ్వు, 3.5 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయంటారు. చెరువునత్తకి ఆ లెక్క నీటిని బట్టీ మేతను బట్టీ మారుతుంది. నీటిలో సున్నం చాలకపోతే గుల్ల పలచబడి గుంతలు పడుతుంది. గుడ్డుపెంకుల పొడి వేస్తూ ఉండు. కంపెనీల కాలువ నీరు గానీ, మందు కొట్టిన పొలాల నీరు గానీ చేరితే సీసం, కాడ్మియం లాంటివి నత్త ఒంట్లోనే నిలుస్తాయి. ఎంత ఉడికించినా పోవు. దాన్ని బాలింతకి బలమని పెడతారు నాన్నా, ఆలోచించు.

బయటి రకాల జోలికి పోకు. ఫిలిప్పీన్స్‌లో 1980ల్లో తిండి కోసం తెచ్చిన బంగారు నత్త వరి పొలాలనే తినేసింది. ఇక్కడి నత్త చాలు.

అమ్మేటప్పుడు బాగా ఉడికించమని చెప్పు. సగం ఉడికిన నత్తలో ఉండే సన్నపురుగు మెదడు పొరలకి వాపు తెస్తుంది. సిగ్గుపడకుండా ప్రతి ఒక్కరికీ చెప్పాలి.

ముందు నీరు, మట్టి పరీక్ష చేయించు. డబ్బు నేను పంపుతాను, మీ అమ్మకి చెప్పక్కర్లేదు. రిపోర్టు రాకుండా ఒక్క నత్తని కూడా దింపకు. ఎండలో తిరుగుతావు, మజ్జిగ తాగు.

మీ పెద్దమ్మ