మొదట ఫైళ్లు, తర్వాతే రిపేరు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు చిన్నాయన ఆశీస్సులు.

నీ ల్యాప్‌టాప్ ‘ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్’ అని చూపి, కొంతసేపు తిరిగి, రిపేరు కాలేదని చెప్పి మళ్ళీ మొదటికే వస్తోందనీ, జమ్మికుంటలో చూపిస్తే ఫార్మాట్ తప్ప మార్గం లేదన్నారనీ రాశావు. ఫార్మాట్ చేస్తే డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, దానికి ఇప్పుడే ఒప్పుకోవద్దు. కాకతీయ విశ్వవిద్యాలయానికి సమర్పించవలసిన నీ సిద్ధాంత గ్రంథం, మేడారంలో నువ్వు రికార్డు చేసుకున్న పాటలు ఆ డిస్కులోనే ఉన్నాయి. అధ్యాయాలను కష్టపడి మళ్ళీ రాసుకోవచ్చు కాని, జాతర రెండేళ్లకొకసారి వస్తుంది, ఆ రోజు పాడిన పెద్దవాళ్ళ గొంతులు మళ్ళీ దొరుకుతాయన్న నమ్మకం లేదు. అందుచేత ఏ పని ముందు చేయాలి, ఏ పని తర్వాత చేయాలి అన్నదే నీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నాను.

విండోస్ వరుసగా రెండు మూడు సార్లు పూర్తిగా మొదలు కాలేకపోతే తనంతట తానే రికవరీలోకి వెళ్తుంది. ఈ రికవరీ సాధారణంగా అదే డిస్కులో వేరే పార్టిషన్‌లో, అంటే విడిగా కేటాయించిన భాగంలో ఉండే మరో చిన్న విండోస్. అది తెరుచుకుంటున్నదంటే మదర్‌బోర్డు, ర్యామ్, తెర పనిచేస్తున్నాయనీ, డిస్కు కొంతవరకైనా చదవడానికి వస్తున్నదనీ అర్థం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ ఫైలు వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నప్పుడు కూడా, సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవాటితో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) వెళ్ళి ఆ ఫైలును తీసివేయడమే ప్రధాన పరిష్కారమైంది, ఫార్మాట్ కాదు. మన వైపు ఎండాకాలపు గాలిదుమారానికి కరెంటు పోయి, బ్యాటరీ పనిచేయక చార్జర్ మీదే నడుస్తున్న ల్యాప్‌టాప్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయినా ఇదే పరిస్థితి రావచ్చు.

ముందుగా పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, మౌస్ అన్నీ తీసివేసి, చార్జర్ ఊడదీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి, తిరిగి చార్జర్ పెట్టి ఒకసారి చూడు.

అప్పటికీ లేవకపోతే రికవరీలో ‘ట్రబుల్‌షూట్’, దానిలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ తెరువు. అక్కడ బిట్‌లాకర్ కీ అడిగితే కంగారుపడకు. బిట్‌లాకర్ అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం, దాని కీ 48 అంకెల సంఖ్య. నువ్వు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవుతున్నట్లయితే అదే అకౌంట్‌ను ఫోన్‌లో తెరిచి, రికవరీ కీల పేజీలో చూడవచ్చు. తెర మీద కనిపించే కీ ఐడీ, ఆ పేజీలోని ఐడీ ఒకటేనని సరిచూసుకొని కాగితం మీద రాసుకో. ఆ కీ లేకపోతే ఎంతటి నిపుణుడైనా ఆ డిస్కులోని ఫైళ్లను చదవలేడు. కీ చేతికి వచ్చేవరకు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే యంత్రపు సెట్టింగుల్లో) ఏ సెట్టింగునూ మార్చవద్దు, ఎవరినీ మార్చనివ్వవద్దు.

ఇక అసలు పని. పెన్‌డ్రైవ్ తిరిగి పెట్టి, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోని ‘కమాండ్ ప్రాంప్ట్’ తెరిచి నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొట్టు. నోట్‌ప్యాడ్ వచ్చాక ఫైల్ మెనూలో ‘ఓపెన్’ నొక్కి, కింద ఫైళ్ల రకాన్ని ‘ఆల్ ఫైల్స్’గా మారిస్తే డ్రైవులన్నీ కనిపిస్తాయి. రికవరీలో డ్రైవుల అక్షరాలు మారిపోవచ్చు, కాబట్టి సీ డ్రైవ్‌లో నీ ఫైళ్లు లేవని బెదరక డీ (D), ఈ (E) కూడా చూడు. ‘యూజర్స్’లో నీ పేరున్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ తీసుకొని, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చెయ్యి. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపే గీత కనిపించకపోవచ్చు. పెద్ద రికార్డింగులకు చాలాసేపు పడుతుంది, తెర బిగుసుకుపోయినట్లున్నా ఆపవద్దు. నీ గ్రంథం అను ఫాంట్లలో ఉన్నది కనుక ‘విండోస్’ ఫోల్డర్‌లోని ‘ఫాంట్స్’ కూడా కాపీ చేసుకో. అవి అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్ పద్ధతి ఫాంట్లు కావు. అవి లేని కంప్యూటర్‌లో నీ అధ్యాయాలు అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. పెన్‌డ్రైవ్‌ను మరో కంప్యూటర్‌లో పెట్టి, రెండు మూడు రికార్డింగులు చివరిదాకా విని నిర్ధారించుకున్న తర్వాతే రిపేరు మొదలుపెట్టు.

రిపేరులో తక్కువ నష్టం చేసేవాటితో మొదలుపెట్టాలి. ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’లో ఇటీవలి క్వాలిటీ అప్‌డేట్‌ను (నెలనెలా వచ్చే చిన్న అప్‌డేట్) తీసి చూడు, పని కాకపోతే ‘సిస్టమ్ రిస్టోర్’లో పాత తేదీ ఉంటే దానికి వెళ్ళు. తర్వాత ‘స్టార్టప్ సెట్టింగ్స్’ ద్వారా రీస్టార్ట్ చేసి 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది; అందులో లేచినదంటే తప్పు ఏదో కొత్త డ్రైవర్‌దో (పరికరాలను నడిపించే చిన్న ప్రోగ్రాం), సాఫ్ట్‌వేర్‌దో అయి ఉంటుంది, దానిని తీసివేయవచ్చు. అక్కడే 9 నొక్కితే యంత్రం తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఆగి, నీలి తెర మీద ఎర్రర్ కోడ్ చూపుతుంది. ఆ కోడ్‌ను ఫోటో తీసి నాకు పంపు.

డిస్కులో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ అనే కమాండ్ గురించి ఒక హెచ్చరిక. డిస్కు టక్‌టక్ మని శబ్దం చేస్తున్నా, కాపీ మధ్యలో పదేపదే ఆగినా దాని జోలికి వెళ్ళవద్దు, ఎందుకంటే అది డిస్కు మొత్తాన్ని చదివించి చావుకు సిద్ధంగా ఉన్నదానిని ఇంకా త్వరపెడుతుంది. అలాంటప్పుడు డిస్కు మార్చడమే సరైన పని. మరొకటి: రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులన్నీ ఉండే చోటు) బ్యాకప్ కోసం ఉన్న రెగ్‌బ్యాక్ ఫోల్డర్ నుంచి ఆ ఫైళ్లను తెచ్చి పెట్టమని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ ఫోల్డర్‌లోకి బ్యాకప్ దానంతట అది వెళ్ళడం లేదు. అక్కడ కనిపించేవి సాధారణంగా సున్నా సైజు ఫైళ్లు. వాటిని అసలు ఫైళ్ల మీద వేస్తే బాగుపడే అవకాశం ఉన్న విండోస్ కూడా పోతుంది.

ఇవేవీ కుదరకపోతే ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకో. నీ ఫైళ్లు ఉంటాయి, నువ్వు వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. అదీ విఫలమైతే కనీసం 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌తో కొత్తగా విండోస్ వేయాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, నీ యంత్రం అనుమతిస్తే అప్పుడు 11 వేద్దాం. దుకాణంలో డిస్కు మార్పించవలసి వస్తే పాత డిస్కును తప్పకుండా తిరిగి తీసుకో.

ఫైళ్లు కాపీ అయ్యాక ఫోన్ చెయ్యి. మిగతా రిపేరు ఇక్కడ కూర్చొని చేద్దామనుకుంటే ఆదివారం హనుమకొండకు రా. వచ్చేటప్పుడు చార్జర్, కీ రాసుకున్న కాగితం తెచ్చుకో, ఫైళ్లున్న పెన్‌డ్రైవ్‌ను మాత్రం ఇంట్లోనే భద్రంగా పెట్టి రా.

ఇట్లు,
మీ చిన్నాయన