వీసా అక్కర్లేనివాళ్లే ఎందుకు వెనకబడ్డారు?

అమెరికాలో స్థిరపడ్డ ఇండోనేషియన్లు, మార్షల్ దీవులవాళ్లలో (పసిఫిక్ మహాసముద్రంలోని ఓ చిన్న దేశం) ఎవరి ఆర్థిక పరిస్థితి మెరుగు అని అడిగారు. సగటున చూస్తే ఇండోనేషియన్లదే. మార్షల్ దీవులవాళ్లలో పేదరికం చాలా ఎక్కువ.

విచిత్రమేంటంటే, వీసా బాధ లేనిది ఈ రెండోవాళ్లకే. వాళ్ల దేశానికీ అమెరికాకూ మధ్య 1986లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం నేరుగా వచ్చి పని చేసుకోవచ్చు. అందుకే పెద్ద చదువులు, చేతిలో డబ్బు లేనివాళ్లూ రాగలిగారు. ఆర్కన్సాస్‌లోని స్ప్రింగ్‌డేల్‌లో చాలామందికి కోళ్ల ప్రాసెసింగ్ ప్లాంట్లే బతుకుతెరువు: చలి హాలు, కదిలే బెల్టు, షిఫ్టంతా నిలబడి మాంసం కోయడం. దానికితోడు 1996 అమెరికా చట్టంతో వాళ్లకు మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) పోయింది, మళ్లీ 2020 చివర్లో గానీ రాలేదు. వాళ్ల దీవుల్లో అమెరికా 67 అణు పరీక్షలు చేసింది కదా, అది తల్చుకుంటే ఇది మరీ అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఇండోనేషియన్లలో చాలామంది మన తెలుగువాళ్లలాగే స్టూడెంట్, ఉద్యోగ వీసాల జల్లెడ దాటి వచ్చారు. అలాగని అందరూ కలిగినవాళ్లేం కాదు. 1998లో ఇండోనేషియాలో తమపై జరిగిన అల్లర్ల తర్వాత వచ్చిన చైనా మూలాలవాళ్లు ఎందరో ఫిలడెల్ఫియా చుట్టుపక్కల గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో పనికి కుదిరారు.