ఒకే అమావాస్య, రెండు రోజులు: మా ఇంటి దీపావళి తగవు

మీ ప్రశ్న ఇది: "దీపావళి ఏ రోజు అన్న గొడవ ప్రతి ఏడూ ఎందుకు వస్తోంది? పంచాంగం అంటే లెక్కే కదా, లెక్కకు రెండు జవాబులు ఎలా ఉంటాయి? మీ ఇళ్లలో దీన్ని ఎలా తేల్చుకుంటున్నారు?"

నేను జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తాను కనుక లెక్క సంగతి నాకు సులువే అనుకునేవాణ్ని. 2024 దీపావళికి ముందు మా కుటుంబం వాట్సాప్‌లో మూడు వారాల పాటు సాగిన తగవు చూశాక, ఆ లెక్క ఎంత సరిగ్గా చెప్పినా తగవు ఎందుకు తీరదో కూడా తెలిసివచ్చింది. ముందు లెక్క చెప్పి, తరువాత ఇంటి సంగతికి వస్తాను.

తిథి అంటే రోజు కాదు. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరగడానికి పట్టే కాలమే తిథి. చంద్రుడి నడక ఎప్పుడూ ఒకే వేగంతో ఉండదు కనుక ఒక తిథి 20 గంటలకే ముగియవచ్చు, మరొకటి 26 గంటలు దాటవచ్చు. గోడ మీది క్యాలెండరు మాత్రం ప్రతి తేదీ గడిలోనూ సూర్యోదయానికి ఉన్న తిథినే ప్రధానంగా ముద్రిస్తుంది. పండుగలన్నీ సూర్యోదయాన్నే పట్టుకుని ఉండవు. ఉగాదికి సూర్యోదయాన పాడ్యమి కావాలి, వినాయక చవితికి మధ్యాహ్నం చవితి కావాలి, శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి కావాలి, దీపావళికి సూర్యాస్తమయం తరువాత వచ్చే ప్రదోషంలో అమావాస్య కావాలి.

2024లో అమావాస్య అక్టోబరు 31, గురువారం మధ్యాహ్నం 3:52 ప్రాంతంలో మొదలై, నవంబరు 1, శుక్రవారం సాయంత్రం 6:16 వరకు ఉంది. తెనాలిలో ఆ రోజుల్లో సూర్యుడు సుమారు 5:40కి అస్తమిస్తాడు. అంటే గురువారం సాయంత్రమూ అమావాస్యే, శుక్రవారం సాయంత్రం ఒక ఘడియకు పైగా కూడా అమావాస్యే. రాత్రంతా అమావాస్య ఉన్నది గురువారమే కనుక ఆ రోజే దీపావళి అని ఒక పక్షం, రెండు సాయంత్రాలు దొరికినప్పుడు పాడ్యమితో కలిసిన రెండవదాన్నే తీసుకోవాలని మరొక పక్షం వాదించాయి. ఇద్దరి వెనుకా ధర్మశాస్త్ర వాక్యాలున్నాయి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రెండూ గురువారం సెలవు ఇచ్చాయి. మహారాష్ట్రలో లక్ష్మీపూజ సెలవు శుక్రవారం వచ్చింది.

పూర్వ పద్ధతి పంచాంగానికీ దృక్ పంచాంగానికీ మధ్య ఉన్న తేడా మరొకటి. పాత సిద్ధాంత సూత్రాలతో కట్టిన తిథి కాలం, నేటి ఖగోళ గణనతో కట్టిన కాలం కంటే ఒక్కొక్కసారి కొన్ని గంటలు అటూ ఇటూ అవుతుంది. ఈ గందరగోళం చూసే 1952లో కేంద్ర ప్రభుత్వం మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని వేసింది, దాని సిఫారసు మీద 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. అయినా గణితం ఒకటైనంత మాత్రాన పండుగ ఒకటి కాదని 2024 చూపించింది, ఎందుకంటే ఆ ఏడు మా ఇంట్లో అమావాస్య వేళల గురించి ఎవరికీ పేచీ లేదు.

ఇక మా ఇంటి సంగతి. పెద్దనాన్న, పెద్దమ్మ తెనాలిలో ఉంటారు, బాబాయి వాళ్లు గుంటూరులో, నేను హైదరాబాదులో, మా తమ్ముడు న్యూజెర్సీలో, బాబాయి కొడుకు పూనాలో ఉంటాము. దీపావళికి వీలైన వారందరమూ తెనాలి చేరడం ఆనవాయితీ. తగవుకు శ్రీకారం చుట్టినది పూనా తమ్ముడు. అక్కడి క్యాలెండరు పేజీని ఫొటో తీసి పెట్టి, శుక్రవారం అంటే వారాంతం కలిసివస్తుందని కూడా రాశాడు. బాబాయి వెంటనే పండుగల నిర్ణయాలు చెప్పే గ్రంథమైన ధర్మసింధువు నుంచి శ్లోకం ఒకటి పెట్టాడు. నిజం చెప్పాలంటే, ఆయన అంతకుముందు రోజే గురువారానికి బస్సు టికెట్లు కొన్నాడని నాకు తరువాత తెలిసింది. పిన్ని టీవీలో ఒక సిద్ధాంతిగారు చెప్పిన ముక్కను పంపింది. న్యూజెర్సీ తమ్ముడికి అసలు సందేహమే లేదు: వారి గడియారం ప్రకారం అమావాస్య గురువారం ఉదయం ఆరు దాటాక మొదలై శుక్రవారం ఉదయం తొమ్మిదిలోపే ముగిసింది, కనుక వారికి దొరికిన సాయంత్రం ఒక్కటే. (అదే సాయంత్రం హాలోవీన్ కూడా కావడంతో వాకిట్లో దీపాలు పెడుతుండగానే వేషాలు వేసుకున్న పిల్లలు మిఠాయిలకు వచ్చారట.) "ఒక దేశంలో ఉండి మీరు రెండు రోజులు చేసుకుంటారా?" అని వాడు నవ్వితే, అది బాబాయికి ఎగతాళిగా తోచి రెండు రోజులు మాట్లాడలేదు.

నేను మేష్టారి బుద్ధి పోనిచ్చుకోక ఒక గీత గీసి, దాని మీద రెండు సూర్యాస్తమయాలూ గుర్తుపెట్టి, తిథి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రంగులతో చూపించి పెట్టాను. అందరూ దండం గుర్తులు పెట్టారు, ఆ వెంటనే ఎవరి వాదన వారు కొనసాగించారు. పెద్దమ్మ మాత్రం ఒక్క ప్రశ్న వేసింది: "ఒరేయ్ లెక్కల మేష్టారూ, మీ తాతగారి తద్దినం కూడా ఆ అమావాస్యేగా, మరి అది ఏ రోజురా?"

మా తాతగారు పోయినది ఆశ్వయుజ బహుళ అమావాస్య నాడు. ఆబ్దికానికి చూడవలసింది ప్రదోషం కాదు, అపరాహ్ణం. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగవ భాగం, అంటే ఆ రోజుల్లో సుమారు ఒంటి గంట నుంచి మూడూ ఇరవై వరకు. గురువారం ఆ వేళకు ఇంకా చతుర్దశే ఉంది, అమావాస్య శుక్రవారమే దొరికింది. అంటే గురువారం రాత్రి దీపావళి, శుక్రవారం మధ్యాహ్నం తద్దినం. ఒకే తిథి, ఒకే ఇల్లు, రెండు రోజులు, రెండూ సరైనవే. లెక్కకు రెండు జవాబులు ఎలా ఉంటాయన్న సందేహానికి ఇంతకంటే మంచి ఉదాహరణ పాఠంలోనూ దొరకదని ఉప్పొంగిపోయి, ఆ మాటే రాశాను. పెద్దమ్మ నుంచి జవాబు రాలేదు. మర్నాడు పెద్దమ్మ తన ఓటు శుక్రవారానికేనని ఒక్క ముక్క రాసి ఊరుకుంది.

ఆమెకు అర్థం కాలేదేమోనని ఫోన్ చేశాను. అర్థం కానిది నాకు. "గురువారం తెల్లవారి తలంటులు, మధ్యాహ్నం పండగ వంట, రాత్రి పదిహేనుమందికి ఫలహారాలు. అవన్నీ కడిగి, ఇల్లంతా శుద్ధి చేసుకుని, శుక్రవారం పొద్దున్నే మడి కట్టుకుని భోక్తలకు వంట. మీ పెద్దనాన్న కర్త కనుక గురువారం రాత్రి భోజనం చేయకూడదు, పండగపూట ఆయన ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంటే నాకు ముద్ద దిగదు. అదే శుక్రవారమైతే పొయ్యి ఒక్క రోజే, గారెలు ఒక్కసారే. నాకు అరవై ఎనిమిదేళ్లురా" అన్నది. ఈ మాట గ్రూపులో ఎందుకు రాయలేదని అడిగితే, "శ్లోకాలు పెట్టుకుంటున్న చోట నా మోకాళ్ల నొప్పి ఏం రాయను?" అన్నది.

ఆ ఫోన్ తరువాత పాత సందేశాలన్నీ మళ్లీ మొదటి నుంచి చదివాను. వాటిలో తిథి పేరు వాడని వారు లేరు గానీ, తిథి గురించి మాట్లాడినవారు మాత్రం దాదాపు లేరు. ఒకరిది సెలవు సంగతి, ఒకరిది టికెట్ల సంగతి, ఒకరిది తమ పురోహితుడి మాట నిలవాలన్న పట్టుదల, పెద్దమ్మది పొయ్యి సంగతి. నా గీత నేను కూడా తిథి కోసమే గీశానని చెప్పలేను. ఇంట్లో లెక్క తెలిసినవాణ్ని నేనని నలుగురికీ తెలియాలన్న కోరిక అందులో ఉంది. తన అసలు కారణం చిన్నదనో, బయటికి చెప్పుకోదగినది కాదనో అనుకున్నప్పుడే మనిషి పెద్ద ప్రమాణాన్ని ముందు పెడతాడని నాకు అప్పుడు తోచింది.

మీరు "ఎలా తేల్చుకుంటున్నారు" అన్నారు కనుక చెబుతున్నాను. తేదీని మేము ఓటుతో తేల్చలేదు. గురువారమే పండుగ చేసుకున్నాము. ఆ రోజు వంట బాబాయి, నేను, మా ఆవిడ పంచుకున్నాము, మిఠాయి కొట్టు నుంచి తెచ్చాము, శుక్రవారం మడి వంటకు ఊళ్లో తద్దినాలకు వండే ఆవిడను పిలిచాము. నా పులిహోరలో ఉప్పు సరిపోలేదు. పెద్దనాన్న ఆ రాత్రి రెండు అరటిపండ్లు తిని, టపాకాయల దగ్గర పిల్లలతో ఉండిపోయారు. పూనా తమ్ముడు శుక్రవారం అక్కడే లక్ష్మీపూజ చేసుకుని ఫొటో పంపితే, బాబాయి దానికి ఆశీస్సులు రాశాడు. శ్లోకం మాత్రం పెట్టలేదు.

2025లోనూ అచ్చంగా ఇదే చిక్కు వచ్చింది: అక్టోబరు 20, సోమవారం మధ్యాహ్నం 3:44 ప్రాంతంలో అమావాస్య మొదలై, మంగళవారం సాయంత్రం 5:54 వరకు ఉంది. ఈసారి ఎవరూ క్యాలెండరు పేజీ పంపకముందే, దసరా వెళ్లిన మర్నాడే, పెద్దమ్మ నుంచి సందేశం వచ్చింది: "పండుగ సోమవారం, తద్దినం మంగళవారం. సోమవారం వంట మీది. ఉప్పు నేను వేస్తాను."