క్యాన్సర్ టార్గెట్లు వెతికే పని: బయోటెక్ అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీటెక్ బయోటెక్నాలజీ మూడో సంవత్సరం. టీ కణాలతో (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) చేసే క్యాన్సర్ చికిత్సకు టార్గెట్లు కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. బంధువులేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటున్నారు. అప్పు చేసి అమెరికా ఎమ్మెస్‌కి పంపాలా? - ఒక తండ్రి

జవాబు: అప్పు సంగతి చివర్లో మాట్లాడుకుందామండీ. ముందు ఆ పనేమిటో మీకూ తెలియాలి, లేకపోతే ఇంట్లో రోజూ వాదనే.

ఒంట్లో దాదాపు ప్రతి కణమూ లోపల తయారైన ప్రోటీన్లను చిన్న ముక్కలు చేసి, హెచ్ఎల్ఏ అనే అణువు మీద పెట్టి బయటికి చూపిస్తుంటుంది. గుమ్మం బయట చెత్తబుట్ట చూసి లోపల ఏం వండారో చెప్పేసే పక్కింటావిడలాగా, టీ కణం ఆ ముక్కలు చూసి తేడా పసిగడుతుంది. క్యాన్సర్ కణం చూపించి మంచి కణం చూపించని ముక్కను పట్టుకోవాలి, అదే టార్గెట్, అంతే పని. వినడానికే సులువు.

ఎంత కష్టమో ఒక్క ఉదాహరణ చెప్తాను. మేజ్-ఏ3 అనే క్యాన్సర్ ప్రోటీన్ ముక్కను గట్టిగా పట్టుకునేలా మార్చిన టీ కణాలను అమెరికాలో ఇద్దరు రోగులకు ఎక్కించారు, కొద్ది రోజుల్లోనే ఇద్దరూ గుండె దెబ్బతిని చనిపోయారు. 2013లో వచ్చిన పరిశోధన పత్రాల్లో కారణం తేలింది: గుండె కండరంలో ఉండే టైటిన్ ప్రోటీన్‌లోని ఒక ముక్కను కూడా ఆ కణాలు శత్రువే అనుకున్నాయి. రెండు ముక్కల్లోనూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాలు, వాటిలో కలిసినవి అయిదే! మామూలుగా పెంచిన గుండె కణాల మీద చేసిన పరీక్షల్లో ఇది దొరకలేదు, మూలకణాల నుంచి తయారుచేసిన, కొట్టుకునే గుండె కణాల మీద పెడితేనే బయటపడింది. ఇలా పోలిన ముక్కలను కంప్యూటర్‌లో వెతకాలి, కణాల మీద పరీక్షించాలి. అందుకే కంప్యూటర్ మాత్రమే వచ్చినవాళ్లూ, ల్యాబ్‌లో పిపెట్ మాత్రమే పట్టినవాళ్లూ ఇక్కడ సగం మనుషులే. రెండూ రావాలి.

కాబట్టి బంధువులు చెప్పిన కోర్సులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే నిక్షేపంగా చేర్పించండి, కాకపోతే దాన్ని ఈ పనికే వాడమనండి. టీసీజీఏ, జీటెక్స్ అనే జన్యు డేటా భాండాగారాలున్నాయి: మొదటిదాంట్లో కణితుల డేటా, రెండోదాంట్లో మామూలు కణజాలాల డేటా చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. ఏదో ఒక జన్యువు తీసుకుని, అది నోటి క్యాన్సర్‌లో ఎంత చురుగ్గా ఉంది, గుండెలో మెదడులో ఎంత చురుగ్గా ఉంది చూసి, నెట్‌ఎంహెచ్‌సీపాన్ అనే ప్రోగ్రామ్‌లో దాని ప్రోటీన్ ముక్కలు ఏ హెచ్ఎల్ఏ రకాలకు అతుక్కుంటాయో అంచనా వేయమనండి. హెచ్ఎల్ఏ రకాలు మనిషి మనిషికీ మారతాయి. ఉదాహరణకు, అనుమతి వచ్చిన టెబెంటాఫస్ప్ అనే క్యాన్సర్ మందు హెచ్ఎల్ఏ-ఏ*02:01 అనే రకం ఉన్నవాళ్లకే పనిచేస్తుంది. అది యూరప్ మూలాలవాళ్లలో బాగా ఎక్కువ. మనవాళ్లలో ఎక్కువగా కనిపించే ఏ*11:01, ఏ*24:02, ఏ*33:03 లాంటి రకాలకు టార్గెట్లు వెతికే పని చాలా మిగిలుంది. ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్టు గురించి పది నిమిషాలు తడబడకుండా మాట్లాడగలిగితే మార్కుల షీటు కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

ఉద్యోగాల మాట నిజం చెప్పాలి కదా. బీటెక్‌తో ఈ పని చేతికి రాదు, పీహెచ్‌డీ కావాలి, అంటే అయిదారేళ్లు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఎక్కువగా టీకాలు, మందుల తయారీ, కాంట్రాక్ట్ పరిశోధనే, టార్గెట్లు కనిపెట్టే ఉద్యోగాలు తక్కువ. అయితే గాలి మారుతోంది: ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి పనిచేసిన నెక్స్‌కార్19 అనే టీ కణాల చికిత్సకి 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. అది సీడీ19 అనే పైపొర ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. బీ కణాలనే మంచి తెల్ల రక్తకణాల మీదా ఆ ప్రోటీన్ ఉంటుంది, అవి పోయినా రోగి తట్టుకోగలడు. నోటి క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్ లాంటి గట్టి కణితుల్లో అంత వీలైన టార్గెట్ దొరకడం కష్టం, అందుకే ఈ వెతుకులాట. ఒకవేళ మధ్యలో మనసు మారినా జన్యు డేటా విశ్లేషణ వచ్చినవాళ్లకు వేరే దారులుంటాయి, టెన్షన్ పడకండి.

ఈ వేసవికి సైన్స్ అకాడమీల ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టించండి, ఏదైనా ఇమ్యునాలజీ ల్యాబ్‌లో రెండు నెలలు ఉంటే ఈ పని తనకు పడుతుందో లేదో తేలిపోతుంది. తర్వాత గేట్, జీఏటీ-బీ, సీఎస్ఐఆర్ నెట్ లాంటి ప్రవేశ, ఫెలోషిప్ పరీక్షలు రాయించండి. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. అమెరికాలో కూడా ఈ రంగంలో పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు వాళ్లే కట్టి స్టైపెండ్ ఇస్తారు, ఎమ్మెస్‌కే మన జేబు ఖాళీ అవుతుంది. అందుకని ఇప్పుడు ఇల్లు తాకట్టు పెట్టొద్దు. ఇక్కడ రెండేళ్లు ల్యాబ్‌లో పనిచేసి, అక్కడ నేరుగా పీహెచ్‌డీకే దరఖాస్తు చేయమనండి.