మీ బాపు కంప్యూటర్ మీది అక్షరాల గురించి

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోయేలోపు మీ బాపు కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీది పేర్లన్నీ తెలుగులోకి మార్చి, అక్షరాలు పెద్దవి చేసి, అందంగా దిద్ది పోతావంట. నువ్వు లేకపోయినా ఆర్డర్ల లెక్కలు, డిజైన్ల ఫొటోలు తనే తెరుచుకోవాలని. వినగానే పుట్టపాకకు బస్సెక్కి వచ్చి నీ నెత్తి మీద చెయ్యి పెట్టాలనిపించింది. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. నల్లగొండలో డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పని చేసి ముసలోణ్ణయిన, అక్షరాలతో ఆడుకున్నోళ్ల గతి కళ్లారా చూసిన.

సైజు సంగతి సులువు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టెక్స్ట్ సైజ్. 100 నుంచి 225 శాతం దాకా జరుగుతుంది. కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే పెరిగేది బొమ్మ ఒక్కటే, కింది పేరు కాదు. ఉత్సాహంలో 225కి లాగకు. ఐకాన్ కింద పేరుకు రెండు వరుసలే చోటు, ఆపైన ఉన్నది మూడు చుక్కలైపోతుంది. 150 దగ్గర మొదలుపెట్టు, పేర్లు రెండు మాటలు దాటనీయకు.

ఇక వాల్‌పేపర్. మీ బాపు నేసిన తేలియా రుమాలు ఫొటో డెస్క్‌టాప్ నిండా పెడతావంట కదా. వద్దు. కోపం తెచ్చుకోకు, ఆ రుమాలు మీద నాకూ నీకున్నంత ప్రేమ ఉంది. కానీ ఆలోచించు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు. దారాన్ని ముందే కట్టి రంగులో ముంచి నేస్తారు కాబట్టి ప్రతి గడి అంచూ కాస్త చెదిరినట్టు ఉంటుంది, బట్టకు అందం అదే. దాని మీద విండోస్ తెల్లక్షరాలు వేస్తే తెల్ల గడి మీద పడ్డ పేరు కనిపించదు, చెదిరిన అంచు మీద పడ్డది సగమే కనిపిస్తుంది. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి అది పరీక్ష పెట్టినట్టే. అక్షరానికి విడిగా రంగు ఎంచుకునే మెనూ ఏదీ లేదు, వెనక రంగే మార్చాలి. పర్సనలైజేషన్‌లో బ్యాక్‌గ్రౌండ్‌ను సాలిడ్ కలర్ చేసి ముదురు నీలం పెట్టు. రుమాలు ఫొటోను లాక్ స్క్రీన్ మీద పెట్టు, అక్కడ చదవడానికి ఐకాన్లు ఉండవు. కంప్యూటర్ తెరిచినప్పుడల్లా ముందు తన పనే చూసుకుంటాడు. పేరు చుట్టూ ఉండే నీడ తీసేయకు. ఎవరో కంప్యూటర్ స్పీడ్ పెరుగుతుందని తీయమంటారు, వినకు.

అసలు భయం ఫాంటుతో. నేను పని నేర్చుకున్న షాపు యజమాని కథ మీ అమ్మకు తెలుసు, నీకు చెప్పలేదు. విండోస్ ఎక్స్‌పీ రోజులు. అప్పట్లో ఐకాన్ పేర్లకు ఏ ఫాంట్ కావాలంటే అది ఎంచుకునే పెట్టె ఉండేది. పెళ్లి కార్డులకు వాడే తెలుగు ఫాంటునే ఆయన ఐకాన్లకూ పెట్టిండు. పెట్టగానే మై కంప్యూటర్, రీసైకిల్ బిన్ అర్థం పర్థం లేని తెలుగు ముక్కలైపోయినయి. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరం ఉండాల్సిన గదిలో తెలుగు ముక్క కూర్చుంటుంది. లోపల దాచుకునేది ఇంగ్లిషే, పైకి కనిపించేది తెలుగు. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఫోల్డర్‌కు పేరు కొడితే తెలుగులో కనిపిస్తోంది, చాలు. కొన్ని ముక్కలు నక్షత్రం గుర్తు, ప్రశ్న గుర్తు గదుల్లో ఉండేవి, వాటిని ఫైల్ పేరులో విండోస్ రానివ్వదు. అక్కడ అక్షరం ఎగ్గొట్టి ముందుకు పోయేవాడు. గిరాకీలకు గర్వంగా చూపించేవాడు. మేమూ మురిసిపోయినం.

వైశాఖం, పెళ్లిళ్ల సీజన్. వైరస్ వచ్చింది. మెకానిక్ విండోస్ మళ్లీ ఎక్కించిండు. డీ డ్రైవ్‌లో ఫైళ్లన్నీ ఉన్నయి, ఒక్క పేరూ చదవరాదు. తెర నిండా ఇంగ్లిష్ గీతలు, చుక్కలు, బ్రాకెట్లు. ఏది ఎవరి పెళ్లో తెలియాలంటే ప్రతి ఫోల్డరూ తెరవాలి. తొందరలో ఒకటి తెరిచి అదేననుకుని ప్రింటుకు పంపిండ్రు. మునుగోడు నుంచి పెళ్లికూతురు తండ్రి కార్డుల కట్ట తీసుకుని వచ్చిండు. బిడ్డ పేరు సరిగ్గానే ఉంది, ముహూర్తం మొదట అనుకుని మార్చుకున్న పాత తేదీ. అందులో సగం కార్డులు అప్పటికే పంచిండట. ఆయన అరిచినా బాగుండేది. కౌంటర్ మీద కట్ట పెట్టి, ఇప్పుడు ఊరూరికీ ఎవరు పోయి చెప్పాలె అని మెల్లగా అడిగిండు. యజమాని డబ్బులు తిరిగిచ్చి, కొత్త కార్డులు ఉత్తగనే కొట్టిచ్చిండు. నన్నూ ఇంకో పిల్లగాణ్ణీ సైకిళ్ల మీద తోలిండు. చెప్పులు అరిగినా సగం ఇండ్లే దొరికినయి.

నీకు ఆ తిప్పలు అక్కర్లేదు. ఇప్పటి తెలుగు యూనికోడ్, లోపల దాచుకునేదీ తెలుగే, ఏ కంప్యూటర్‌కు తీసుకుపోయినా తెలుగుగానే ఉంటుంది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంటు దానితోనే వస్తోంది. అది పోతన ఫాంటంత అందంగా లేదని నువ్వు మూతి ముడుస్తావు, తెలుసు. ఫాంటు ఎంచుకునే పెట్టెను విండోస్ 8తోనే తీసేసిండ్రు. ఇప్పుడు మార్చాలంటే విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో చెయ్యి పెట్టాలి. వీడియోల్లో తేలిగ్గా చూపిస్తారు. పెట్టకు. నువ్వు హాస్టల్లో ఉండగా అది చెడితే మీ బాపు ఎవరినీ అడగడు. కనిపించకపోయినా కనిపిస్తోందనే అంటడు. ఆపరేషన్‌కు ముందు ఏడాదంతా మగ్గం మీద దారం రంగు తప్పు పడుతుంటే బల్బు బాగాలేదన్నోడు ఆయన!

పేర్లు మార్చేటప్పుడు అసలు ఫైల్ జోలికి పోకు. ఇంకో ఎక్సెల్ షీట్ దానితో ముడిపడి ఉంటే అది దారి తప్పుతుంది. అసలు ఫైళ్లు డీ డ్రైవ్‌లో ఉంచి, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్లే పెట్టు. వాటి మీద ఎఫ్2 నొక్కి "ఆర్డర్లు", "నూలు లెక్క", "చీర డిజైన్లు" అని రాసుకో. పొరపాటున మీ బాపు డిలీట్ కొట్టినా పోయేది షార్ట్‌కట్టే. చేనేత సంఘం వాళ్లు పంపే ఫైళ్లకు వాళ్ల పేర్లే ఉండనీ.

అంతా అయినంక ఆయన కళ్లద్దాలతో, ఆయన కూర్చునే కుర్చీలో, పగటి వెలుతురులో కూర్చోబెట్టి ఒక్కో పేరూ పైకి చదవమను. నువ్వు అందించకు. తడబడిన పేరు తప్పు నీది, ఆయనది కాదు.

బుధవారం నేనే వస్తున్న, పెన్‌డ్రైవ్ తెస్త. ఫైళ్ల కాపీ తీసేదాకా ఏ మెకానిక్‌నూ ఆ కంప్యూటర్ ముట్టనీయకు.

మీ మామ