సర్వర్ లాగ్‌లకు రంగులు: నేను రోజూ వాడే పద్ధతి

రోజంతా సర్వర్ లాగ్‌లు (సర్వర్ తన పనుల గురించి రాసుకునే వరుసలు) చూడాల్సి వస్తోందనీ, అన్నీ ఒకే తెలుపులో పారిపోతుంటే అసలు వరుస కంటికి ఆనడం లేదనీ రాశారు. లినక్స్ సర్వర్లు చూసుకునే పనిలో పదేళ్లుగా ఉన్నాను, మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

ఒక రాత్రి మా డేటాబేస్ సర్వర్ నెమ్మదించింది. ఫైలు చివరి వరుసలను చూపే టెయిల్ కమాండ్‌తో లాగ్‌ను తెర మీద వదిలి గంటన్నర దాన్నే చూస్తూ కూర్చున్నాను. డిస్కులో చోటు లేదని చెప్పే వరుస ఆ గంటన్నరలో ఎన్నోసార్లు నా కళ్ల ముందు నుంచే వెళ్లింది. బియ్యంలో నల్లరాయి ఉంటే చేటలో పోయగానే కనబడుతుంది, తెల్లరాయి పంటి కిందికి వచ్చాకే తెలుస్తుంది. నాకూ అంతే, డేటాబేస్ పూర్తిగా ఆగిపోయాక గానీ ఆ వరుస దొరకలేదు.

మర్నాడు నేర్చుకున్నది, మాటలు వెతికిపెట్టే గ్రెప్ కమాండ్‌లోని చిన్న కిటుకు. మామూలుగా గ్రెప్ అడిగిన మాట ఉన్న వరుసలనే చూపించి మిగతావి వదిలేస్తుంది. అప్పుడు తప్పుకు ముందు ఏం జరిగిందో తెలియదు. అందుకని పెద్ద ఈ ఆప్షన్, రంగు ఆప్షన్ పెట్టి, వెతికే మాట తర్వాత ఒక నిలువు గీత, దాని తర్వాత డాలర్ గుర్తు చేర్చండి. నిలువు గీతకు ‘లేదా’ అని, డాలర్‌కు ‘వరుస చివర’ అని అర్థం. చివర లేని వరుస ఉండదు కాబట్టి అన్నీ తెర మీదికి వస్తాయి. ఆ చివరలో అక్షరం ఏదీ లేదు కాబట్టి రంగు మాత్రం మీరు వెతికిన మాటకే పడుతుంది. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

సర్వీసులను నడిపే సిస్టమ్‌డి ఉన్న సర్వరైతే, దాని లాగ్‌లను చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్ తనంతట తానే రంగులు వేస్తుంది. సిస్‌లాగ్ అనే పాత లాగ్ పద్ధతి కాలం నుంచి సందేశాల తీవ్రతకు 0 నుంచి 7 వరకు ఎనిమిది మెట్లున్నాయి, 0 అన్నిటికంటే ప్రమాదకరం. 3, అంతకంటే తీవ్రమైనవి ఎరుపులో, 4 అంటే హెచ్చరికలు పసుపులో కనిపిస్తాయి. అయితే దాని అవుట్‌పుట్‌ను పైపు ద్వారా మరో కమాండ్‌కు పంపగానే రంగులు మాయమవుతాయి. అవతల ఉన్నది టెర్మినల్ కాదని గమనించి అది రంగులు మానేస్తుంది. గ్రెప్‌దీ ఇదే పద్ధతి. దానికి రంగు ఆప్షన్‌లో ‘ఆల్వేస్’ అని చెప్పి, పేజీలుగా చూపే లెస్ కమాండ్‌కు పెద్ద ఆర్ ఆప్షన్ ఇస్తే రంగులు నిలుస్తాయి.

సీసీజడ్‌ఈ లాంటి ప్రోగ్రాములు కూడా ప్రయత్నించాను. తేదీకి ఒక రంగు, ప్రాసెస్ పేరుకు ఒకటి, అంకెలకు ఇంకొకటి వేస్తాయి. నాకు అవి పనికిరాలేదు, ఎందుకంటే అన్నీ మెరిస్తే మళ్లీ ఏదీ కనబడదు. నేను రెండే రంగులు వాడతాను, ఆగిపోయే తప్పులకు ఎరుపు, రాబోయే చిక్కులకు పసుపు. ఇక అనేక ఫైళ్లను సమయం ప్రకారం కలిపి చూడాలంటే ఎల్‌నావ్ నిజంగా మంచి సాధనం. అందులో చిన్న ఈ నొక్కితే నేరుగా తర్వాతి తప్పు దగ్గరికి వెళ్తుంది.

ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి. రంగును లాగ్ ఫైలులోకి రాయకండి, చూసేటప్పుడే వేసుకోండి. నేను ఒక స్క్రిప్టులో ఎరుపు రంగు కోడ్‌ను నేరుగా పెట్టాను. ఎస్కేప్ అక్షరం, ఒక బ్రాకెట్, 31, చిన్న ఎం, ఇదే ఆ కోడ్. తెర మీద చక్కగానే ఉంది. కానీ ‘ఎర్రర్’తో మొదలయ్యే వరుసలు వెతికితే ఒక్కటీ రాలేదు, ఎందుకంటే ఫైలులో ప్రతి వరుసా ఆ కంటికి కనబడని ఎస్కేప్ అక్షరంతో మొదలైంది. దాని మీద ఆధారపడిన అలర్ట్ కూడా మోగలేదు. రెండు రోజుల లాగ్‌లను, అక్షరాలను మార్చే సెడ్ కమాండ్‌తో శుభ్రం చేయాల్సి వచ్చింది.

మా బృందంలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఆ సంగతి తెలిశాక ఆకుపచ్చ మానేశాం, తీవ్రతను తెలిపే మాటను కూడా వరుస మొదట్లో అలాగే ఉంచుతున్నాం.

మీరు ముందుగా ‘ఎర్రర్’, ‘ఫెయిల్డ్’, ‘డినైడ్’, ‘టైమవుట్’ అనే నాలుగు మాటలతో మొదలుపెట్టండి. పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోకుండా చిన్న ఐ ఆప్షన్ కూడా చేర్చండి. మొత్తాన్ని ఏలియాస్‌గా, అంటే పొడవైన కమాండ్‌కు ఒక చిన్న పేరుగా, రాసుకుంటే రాత్రి రెండు గంటలకు గుర్తుచేసుకునే పని ఉండదు. మీ అప్లికేషన్ తన తప్పులను వేరే మాటతో రాస్తుంటే ఒక నమూనా వరుస ఇక్కడ పెట్టండి, దానికి తగ్గ ప్యాటర్న్ రాసిస్తాను.